ఓఫ్రా హజా జీవితం, గానం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓఫ్రా హజా ఎవరు?

హీబ్రూలో పాడి ఇజ్రాయెల్ సరిహద్దులు దాటి పేరు తెచ్చుకున్న గాయనుల్లో ఓఫ్రా హజాది మొదటి వరుస. ఆమె 1957 నవంబరు 19న టెల్ అవీవ్‌లో పుట్టారు. 2000 ఫిబ్రవరి 23న, 42 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. స్వదేశంలో ఆమెను తారను చేసింది సినిమా పాటలు, పాప్ పాటలు, పోటీ పాటలు. ప్రపంచానికి పరిచయం చేసింది మాత్రం ఇంట్లో అమ్మానాన్నల నోట విన్న యెమెన్ యూదుల భక్తి గీతాలు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం తెలిస్తేనే ఆమె జీవితం అర్థమవుతుంది కనుక, కింది జవాబుల్లో ఆ విషయానికే ఎక్కువ చోటు ఇచ్చాము.

ఆమె ఎక్కడ పెరిగారు?

టెల్ అవీవ్ దక్షిణాన ఉన్న హతిక్వా అనే పేటలో. 1930లలో ఏర్పడిన ఈ పేటలో యెమెన్, ఇరాక్, ఇరాన్ వంటి దేశాల నుంచి వచ్చిన యూదులు, ఎక్కువగా పేదవారు, స్థిరపడ్డారు. అదే నగరంలోని ఉత్తరపు వీధులకు ఉన్న సౌకర్యాలు ఈ పేటకు చాలాకాలం అందలేదు. పేట పేరు చెబితే ఉద్యోగాలిచ్చేవాళ్ళు మొహం చిట్లించే రోజులవి. యెమెన్ నుంచి వలస వచ్చిన యెఫెత్, షోషానా దంపతుల తొమ్మిది మంది సంతానంలో ఓఫ్రా ఆఖరివారు. తల్లి శుభకార్యాలలో పాడిన మనిషి. అందువల్ల పాట ఆ ఇంట్లో ప్రత్యేకంగా నేర్పవలసిన విద్యగా కాక, సబ్బాతు (యూదుల వారపు విశ్రాంతి దినం) భోజనంతోపాటు బల్ల దగ్గరికి వచ్చే విషయంగా ఉండేది.

పేటలోని అమ్మాయి వేదిక మీదికి ఎలా వచ్చారు?

బెత్సలేల్ అలోని అనే రంగస్థల దర్శకుడు అదే పేటలో స్థానిక యువతీయువకుల కోసం ఒక నాటక శాల నడిపేవారు. ఓఫ్రా 12 ఏళ్ళ వయసులో అందులో చేరారు. పేటవాసుల కష్టాలనూ వాళ్ళను చిన్నచూపు చూసే సమాజాన్నీ పాటలతో, మాటలతో వేదికకెక్కించిన బృందం అది. చేరిన కొద్దికాలానికే ఆ బృందానికి ఆమె ప్రధాన గాయని అయ్యారు. 1970లలో బృందం విడుదల చేసిన రికార్డుల్లో ఆమె తొలినాటి గొంతు వినవచ్చు.

అలోని ఆ తరువాత ఆమె మేనేజర్ అయ్యారు, ఎన్నో పాటలు రాశారు, ఏ పాట పాడాలో ఏ ఒప్పందం కుదుర్చుకోవాలో నిర్ణయించారు. దాదాపు 28 ఏళ్ళు సాగిన ఈ సాహచర్యం లేకపోతే హతిక్వా నుంచి ఆమె అంత దూరం వెళ్ళగలిగేవారు కాదేమో. అయితే చిన్నతనం నుంచీ ఒకే మనిషి కనుసన్నల్లో నడిచిన వృత్తి జీవితంలో ఆమె సొంత ఇష్టాలకు ఎంత చోటు దక్కిందన్న సందేహాన్ని కూడా కొట్టిపారేయలేము.

"షీర్ హఫ్రేఖా" పాట మీద అంత దుమారం ఎందుకు రేగింది?

నిర్బంధ సైనిక సేవ ముగించుకున్న ఓఫ్రా 1979లో "ష్లాగెర్" అనే సినిమాలో నటించి, అందులో ఈ పాట పాడారు. సినిమా దర్శకుడు అస్సీ దయాన్ పాట రాయగా, త్స్వికా పిక్ బాణీ కట్టారు. "ఫ్రేఖా" అనేది అప్పటి ఇజ్రాయెల్ వాడుకలో ఒక ఈసడింపు మాట. సోకులు చేసుకుని, చదువు పట్టక, నాట్యశాలల చుట్టూ తిరిగే పిల్ల అని అర్థం. ఆ ముద్ర ఎక్కువగా తూర్పు దేశాల నుంచి వచ్చిన యూదుల పేదపేటల ఆడపిల్లల మీదనే పడేది. పాటలోని అమ్మాయి ఆ పేరును తానే నెత్తిన పెట్టుకుని, నాకు బరువైన మాటలు వద్దు, ఆడాలి, పాడాలి, నవ్వాలి అంటుంది.

రేడియోలో కొందరు దీన్ని దూరం పెట్టారు. అయినా పాట జనంలోకి వెళ్ళి పెద్ద విజయం సాధించింది. అస్సీ దయాన్ ప్రసిద్ధ సైన్యాధిపతి మోషే దయాన్ కుమారుడు, అంటే దేశంలో పలుకుబడి గల కుటుంబం బిడ్డ. ఆయన రాసిన మాటలను హతిక్వా పిల్ల పాడింది. అది వెక్కిరింతా, వెక్కిరించేవాళ్ళకు జవాబా అన్నది వినేవారు ఎవరి పక్షాన నిలబడ్డారన్నదాన్ని బట్టి మారుతూ వచ్చింది. మరుసటి ఏడాది, 1980లో, ఆమె తొలి సొంత ఆల్బమ్ "అల్ అహవోత్ షెలానూ" వెలువడింది. అక్కడి నుంచి కొన్నేళ్ళపాటు ఇజ్రాయెల్ గాయనుల్లో ఆమెకు ఎదురు లేకుండా పోయింది.

ఆమె యూరోవిజన్ పోటీలో గెలిచారా?

లేదు, దేశాల మధ్య ఏటా జరిగే ఈ యూరప్ పాటల పోటీలో రెండో స్థానంలో నిలిచారు. 1983లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో జరిగిన పోటీలో ఎహుద్ మనోర్ రాసి, అవీ తొలెదానో స్వరపరిచిన "ఖాయ్" పాటను పాడి 136 పాయింట్లు సాధించారు. లక్సెంబర్గ్ తరఫున పాడిన కోరిన్ ఎర్మెస్ 142 పాయింట్లతో విజేతగా నిలిచారు.

ఆరు పాయింట్ల తేడాతో చేజారిన గెలుపు కంటే, ఆ పాట ఎక్కడ పాడారన్నదే ఇజ్రాయెల్ ప్రజలకు ఎక్కువగా గుర్తుండిపోయింది. 1972 ఒలింపిక్స్ సమయంలో 11 మంది ఇజ్రాయెల్ క్రీడాకారులు, శిక్షకులు హత్యకు గురైన నగరం మ్యూనిక్. నాజీల దాఖౌ నిర్బంధ శిబిరం ఉన్నది కూడా ఆ ఊరి పొలిమేరలోనే. అటువంటి చోట నిలబడి ఇజ్రాయెల్ ఇంకా బతికే ఉందని హీబ్రూలో పాడటం పోటీ కోసం చేసిన పని మాత్రమే కాదని చూసినవారందరికీ తెలుసు.

"యెమెన్ పాటలు" ఆల్బమ్ ప్రత్యేకత ఏమిటి?

1984లో, పాప్ తారగా పేరు మారుమోగుతున్న రోజుల్లో, ఓఫ్రా "షీరే తేమాన్" (యెమెన్ పాటలు) అనే ఆల్బమ్ చేశారు. ఇందులోని పాటల్లో ముఖ్యమైనవి 17వ శతాబ్దపు యెమెన్ యూదు కవి, రబ్బీ (యూదు మతగురువు) షాలోం షబజీవి. ఆయన వృత్తిరీత్యా నేతగాడని, తయిజ్ పట్టణ ప్రాంతంలో జీవించాడని చెబుతారు. అక్కడి యూదులేగాక ముస్లింలు కూడా ఆయన సమాధిని దర్శించేవారు. ఒకే కవితలో ఒక చరణం హీబ్రూలోనూ మరొక చరణం అరబీలోనూ నడిపించడం ఆయన కవిత్వంలో తరచుగా కనిపిస్తుంది. ఇలాంటి కవితల సంపుటిని దీవాన్ అంటారు.

ఇక్కడ ఒక సంగతిని చాలామంది గమనించరు. యెమెన్ యూదుల సంప్రదాయంలో దీవాన్ పాటలు మగవారి సొత్తు. వాళ్ళు గ్రంథం ముందు పెట్టుకుని, పండుగల్లో, పెళ్ళిళ్ళలో, హీబ్రూలో, అరబీలో పాడేవారు. ఆడవారు తమ పాటలను అరబీలో కట్టుకుని, రాతలో లేకుండా తల్లి నుంచి కూతురికి అందించేవారు. ఒక స్త్రీ గొంతు దీవాన్‌ను స్టూడియోలో పాడి, దుకాణంలో అమ్మే రికార్డుగా తేవడం ఆ లెక్కన చిన్న సాహసం కాదు. పైగా ఆమె దాన్ని తల్లిదండ్రులకు కానుకగా భావించారు.

వాద్యాల విషయంలో కూడా ఆల్బమ్ సంప్రదాయాన్ని వదలలేదు. యెరూషలేము దేవాలయం ధ్వంసమైనందుకు సంతాపంగా యెమెన్ యూదులు మేళతాళాలను చాలావరకు విడిచిపెట్టారు. అయితే లయ లేనిదే నాట్యం లేదు కదా! అందుకని రాగి పళ్ళేన్ని ఉంగరాల వేళ్ళతో మోగించేవారు, ఖాళీ నూనె డబ్బాను దరువుకు వాడేవారు. ఆల్బమ్‌లో ఆ రేకు మోత స్పష్టంగా వినిపిస్తుంది. దానికి తోడుగా బెనీ నగారీ తీగవాద్యాల బృందాన్ని సమకూర్చారు. ఉచ్చారణలోనూ రేడియో హీబ్రూను పక్కన పెట్టి, గొంతు లోపలి నుంచి పలికే యెమెన్ అక్షరాలను ఓఫ్రా అలాగే ఉంచారు. వ్యాపారం దృష్టితో చూస్తే ఒక పాప్ తార చేయదగ్గ పని ఇది కాదు. నా దృష్టిలో ఆమె చేసిన పనులన్నింటిలో గొప్పది ఇదే.

"ఇమ్ నిన్‌అలూ" యూరప్‌లో అంత పెద్ద విజయం ఎలా సాధించింది?

దొడ్డిదారిన అనే చెప్పాలి. షబజీ రాసిన ఈ కవిత మొదటి మాటల భావం స్థూలంగా ఇది: దాతల తలుపులు మూసుకున్నా, పైలోకపు తలుపులు ఎన్నడూ మూసుకోవు. 1984 ఆల్బమ్‌లో దీనిని ఓఫ్రా వాద్యాలేవీ లేకుండా, తాళానికి కట్టుబడకుండా, ఒంటి గొంతుతో ఎత్తుకుంటారు. ఒక్కో మాటను సాగదీసి, చివర వణికించి వదులుతారు. దరువు ఆ తరువాతే వచ్చి చేరుతుంది.

బ్రిటన్‌లో ఈ ఆల్బమ్ విడుదలైన తరువాత అక్కడి డీజేల చేతుల్లో పడింది. 1987లో కోల్డ్‌కట్ అనే ఇద్దరు సభ్యుల బృందం, అమెరికా ర్యాప్ ద్వయం ఎరిక్ బీ, రకీమ్‌ల "పెయిడ్ ఇన్ ఫుల్" పాటకు చేసిన రీమిక్స్‌లో ఓఫ్రా గొంతు ముక్కను కత్తిరించి అతికించింది. తాళం లేని ఎత్తుగడ కాబట్టి ఎవరి దరువు మీదనైనా అది ఇమిడిపోయింది. ఆ రీమిక్స్ మోగని నాట్యశాల లేదు. ఈ గొంతు ఎవరిదన్న ప్రశ్న సహజంగానే పుట్టింది.

అప్పుడు ఆమె బృందమే ముందుకు వచ్చి, ఇజ్రాయెల్ సంగీతకారుడు ఇజ్‌హార్ ఆష్దోత్ చేతుల మీదుగా ఎలక్ట్రానిక్ దరువుతో కొత్త రూపం తయారు చేసింది. 1988లో అది పశ్చిమ జర్మనీలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది, బ్రిటన్‌లో తొలి ఇరవై పాటల్లోకి చేరింది. అదే ఏడాది "షాడాయ్" అనే అంతర్జాతీయ ఆల్బమ్ వచ్చింది. వెండి నగలు, యెమెన్ పెళ్ళికూతురి అలంకారం వంటి వస్త్రధారణతో ఆమె రూపం టీవీల్లో కనిపించడం కూడా అప్పుడే మొదలైంది. ఆ అలంకారంలో కొంత నిజమైన వారసత్వమూ, కొంత పాశ్చాత్యులకు నచ్చే తూర్పుదేశపు ముస్తాబూ కలగలిసి ఉన్నాయి. రెండింటినీ విడదీయడం అంత తేలిక కాదు.

ఆమె తన పాటలు తానే రాసుకునేవారా?

తొలి దశలో ఎక్కువగా అలోని, ఇతర ఇజ్రాయెల్ కవులు రాసినవే పాడారు. 1986లో వచ్చిన "యమీమ్ నిష్బరీమ్" ఆల్బమ్ నుంచి ఆమె రచన కూడా కనిపిస్తుంది. అంతర్జాతీయ ఆల్బమ్‌లలో అలోనితో కలిసి రాసిన పాటలు ఉన్నాయి.

ఇజ్రాయెల్ గాయకుల్లో యెమెన్ మూలాలవారే ఎందుకు అంతమంది?

నిజమే, జనాభాలో వారి వాటాతో పోలిస్తే ఆ సంఖ్య ఆశ్చర్యం కలిగిస్తుంది. 1910లో యెరూషలేములో పుట్టిన బ్రఖా త్సెఫీరా, యెమెన్‌లోని ధమార్ పట్టణంలో పుట్టిన షోషానా దమారీ, 1978లో యూరోవిజన్ గెలిచిన ఇజ్‌హార్ కోహెన్, మరుసటి ఏడాది గెలిచిన బృందంలోని గాలీ అతారీ, ఓఫ్రా తరువాతి తరంలో అఖినోఅమ్ నీనీ, 1998 యూరోవిజన్ విజేత దానా ఇంటర్నేషనల్, వీరందరికీ యెమెన్ మూలాలున్నాయి.

మేళం లేకుండా గొంతునే వాద్యంగా వాడే అలవాటు, గ్రంథపఠనంలో ప్రతి అక్షరాన్నీ స్పష్టంగా పలికించే బాల్యశిక్షణ, ఇంటింటా పాట ఉండటం కారణాలుగా చెప్పవచ్చు. మరొక కారణం అంత అందమైనది కాదు. 1949, 1950 సంవత్సరాలలో విమానాల్లో తరలివచ్చిన సుమారు 49,000 మంది యెమెన్ యూదులకు కొత్త దేశంలో పెద్ద చదువులు, పదవులు అందుబాటులోకి రావడానికి చాలా కాలం పట్టింది. వారి పాటను మెచ్చుకున్నంత సులువుగా వారికి సమాన స్థానం ఇవ్వలేదు. పాట తెరిచినంత విశాలంగా మరే తలుపూ వారికి తెరుచుకోలేదు.

ఆమె విమాన ప్రమాదానికి గురయ్యారన్నది నిజమేనా?

నిజమే. 1987 ఫిబ్రవరిలో ఆమె, అలోని ప్రయాణిస్తున్న చిన్న విమానం జోర్డాన్ సరిహద్దు సమీపంలో కూలింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఆమె పాశ్చాత్య సంగీతకారులతో ఏమేం చేశారు?

"షాడాయ్" తరువాత 1989లో "డెజర్ట్ విండ్" వచ్చింది. ఇంగ్లీషు పాలు పెరిగిన ఈ ఆల్బమ్ అంతకుముందు వాటంత నిలవలేదు. 1992 నాటి "కిర్యా"కు అమెరికా నిర్మాత డాన్ వాజ్ పనిచేశారు. ఇగ్గీ పాప్, లూ రీడ్ వంటి రాక్ గాయకులు అందులో గొంతు కలిపారు. ప్రపంచ సంగీతం విభాగంలో దానికి గ్రామీ నామినేషన్ లభించింది. అదే 1992లో ఇంగ్లండ్‌కు చెందిన ది సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బృందం తమ "టెంపుల్ ఆఫ్ లవ్" పాటను ఆమె గొంతుతో మళ్ళీ రికార్డు చేసింది. అది బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్ళింది. చీకటి ఛాయల రాక్ పాట మీద యెమెన్ ఆలాపన నప్పుతుందని వినకముందు ఎవరూ అనుకోరు. విన్నాక ఆ ఆలాపన తీసేస్తే పాట నిలబడదు.

సినిమాల సంగతి చెప్పుకోవాలంటే, గోరాన్ బ్రెగోవిచ్ సంగీతం అందించిన 1994 నాటి ఫ్రెంచ్ చిత్రం "లా రేన్ మార్గో"లో ఆమె గొంతు ఉంది. అన్నింటికంటే ఎక్కువమందికి చేరింది మాత్రం 1998 నాటి యానిమేషన్ చిత్రం "ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్". తెలుగు బైబిల్ చదివినవారికి నిర్గమకాండములోని మోషే తల్లి యోకెబెదు తెలుసు. పసిబిడ్డను జమ్ముపెట్టెలో ఉంచి నదిలో వదిలే ఆ తల్లికి పాట పాడటానికి సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ ఓఫ్రాను పిలిచారు. ఆమెను చూసిన చిత్రకారులు ఆ పాత్ర ముఖాన్ని ఆమె పోలికలతోనే గీశారు. ఆ పాటను ఆమె 17 భాషల్లో పాడారు. అందులోని జోల భాగాన్ని విన్నప్పుడు భాష మారినా గొంతులోని యెమెన్ మాత్రం మారదు.

అరబ్బులు ఆమె పాటలు విన్నారా? రాజకీయాలతో ఆమెకు సంబంధం ఉందా?

ఆమె పాడిన "గల్బీ" వంటి పాటల్లో యెమెన్ అరబీ ఉండటం వల్ల, ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు లేని దేశాల్లో కూడా ఆమె క్యాసెట్లు చేతులు మారాయి. ఆమె ఏ పార్టీ ప్రచారకురాలిగానూ గుర్తుండిపోలేదు. 1994లో ఇజ్‌హాక్ రబీన్, షిమోన్ పెరెస్, యాసర్ అరాఫత్‌లకు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చిన సందర్భంగా ఓస్లోలో పాడారు. 1998లో ఇజ్రాయెల్ 50వ వార్షికోత్సవ సభలో "యెరుషలాయిమ్ షెల్ జహావ్" పాడారు.

ఆమె మరణం చుట్టూ వివాదం ఏమిటి?

1997లో ఒక వ్యాపారవేత్తను వివాహం చేసుకున్నారు. అలోనితో వృత్తిబంధం తెగిపోయింది కూడా ఆ కాలంలోనే. ఆ దంపతులకు పిల్లలు లేరు. 2000 ఫిబ్రవరిలో తీవ్ర అనారోగ్యంతో రమత్ గాన్ దగ్గరి తెల్ హషోమెర్‌లో ఉన్న షెబా ఆసుపత్రిలో చేరి, సుమారు రెండు వారాలకు మరణించారు. రోగమేమిటో ఆసుపత్రి చెప్పలేదు. హాఅరెత్స్ పత్రిక అది ఎయిడ్స్ సంబంధిత వ్యాధి అని ప్రచురించింది.

ఆపైన దేశంలో రెండు వాదాలు చెలరేగాయి. మొదటిది, చనిపోయిన మనిషి దాచుకోవాలనుకున్న సంగతిని బయటపెట్టే హక్కు పత్రికకు ఉందా అన్నది. రెండోది, వ్యాధి ఎలా సోకిందన్నది. ఈ రెండో వాదంలో కుటుంబ సభ్యులు, సన్నిహితులు బహిరంగంగా ఒకరినొకరు నిందించుకున్నారు. భర్త కూడా మరుసటి ఏడాది మరణించారు. తేలని నిందలను ఇక్కడ తిరిగి వల్లించడం సరికాదు. అయితే, 2000 నాటికి ఈ వ్యాధిని అదుపులో ఉంచే మందులు ఇజ్రాయెల్ వంటి దేశంలో దొరుకుతున్నాయి. అలాంటి సమయంలో, నలుగురికీ తెలుస్తుందన్న భయమే ఆమెను వైద్యానికి దూరం చేసిందన్న మాట అప్పట్లో బలంగా వినిపించింది. ఆమె గురించి రాసే ప్రతివారూ చివరి రెండు వారాల గురించి పేజీలు నింపి, షబజీ పాటల గురించి రెండు వాక్యాలతో సరిపెట్టడం మాత్రం విచారకరం.

ఆమె సమాధి, స్మారకాలు ఎక్కడ ఉన్నాయి?

పెతాహ్ తిక్వా దగ్గరి యార్కోన్ శ్మశానవాటికలో ఆమెను ఖననం చేశారు. 2007లో హతిక్వా పేటలోనే ఒక ఉద్యానవనానికి ఆమె పేరు పెట్టారు.

తెలుగు పాఠకులు ఆమె పాటలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

వృద్ధుల సంరక్షణ వంటి పనుల మీద ఇజ్రాయెల్‌లో ఉంటున్న తెలుగువారు ఆ ఇళ్ళ రేడియోల్లో ఆమెను ఇప్పటికే విని ఉండవచ్చు, పేరు తెలియకపోయినా. కొత్తగా వినేవారు "ఇమ్ నిన్‌అలూ" 1988 నాటి రీమిక్స్‌తో కాక, 1984 నాటి మూల రూపంతో మొదలుపెట్టడం మంచిది. రీమిక్స్ ముందు వింటే రెండోది నెమ్మదిగా, పాతగా తోస్తుంది. మూలం ముందు వింటే రీమిక్స్‌లో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చెవికి తెలుస్తుంది. ఆ తరువాత "గల్బీ", "కిర్యా" ఆల్బమ్, మ్యూనిక్ వేదిక మీది "ఖాయ్" దృశ్యం చూడవచ్చు. "డెజర్ట్ విండ్"ను చివరికి ఉంచుకోండి. హీబ్రూ రాకపోయినా ఇబ్బంది లేదు. షబజీ అరబీ చరణాలు ఇజ్రాయెల్‌లో పుట్టిపెరిగిన ఆమె శ్రోతల్లోనూ చాలామందికి అర్థం కావు.